చక్రములోని చిన్న సెన్సారు

ఇంటిలో దీపము వెలిగినచో సంతోషింతుము. కారులో వెలిగినచో కలఁత చెందుదుము. గడచిన చలికాలమున మాకుఁ గలిగిన యనుభవము మీలోఁ గొందఱికైన నుపకరింపఁగలదని వ్రాయుచున్నాము.

పెండ్లిచీరలకై సిరిసిల్లకుఁ బోవలయునని జగిత్యాలనుండి బయలుదేరి, రాత్రి కోరుట్లలో మా యాడుబిడ్డ యింట నిలిచితిమి. ఉదయమున ఆమెను, ఆమె పసిబిడ్డను ఎక్కించుకొని బండి స్టార్టు చేయఁగనే, ముందు పలకమీఁద గుఱ్ఱపు లాడమును బోలిన పసుపుపచ్చని దీపము మిణుకుమిణుకుమని, కొంతసేపటికి నిలుకడగా వెలిగెను. "వదినా, టైరులో గాలి పోయినదేమో! బిడ్డతో నెట్లు పోదుము?" అని యామె భయపడినది.

గేజితోఁ జూడఁగా నాలుగు చక్రములయందును గాలి సరిగానే యున్నది. దగ్గఱి దుకాణమువాఁడు నాలుగు సెన్సారులును మార్చవలె ననెను. బంధువొకఁడు దీపముమీఁద కాగిత మంటించినఁ జాలునని నవ్వెను. మొదటి మాట ధనమునకుఁ జేటు. రెండవది ప్రాణమునకే చేటు. మూసిన దీపము రేపు నిజముగా గాలి తగ్గినపుడు కానరాదు గదా! గాలి తగ్గిన టైరు పరుగులో మిక్కిలి వంగి వేఁడెక్కును. ఎండకాలపు దారిలో అది పగులవచ్చును.

ఈ సెన్సారు చక్రపు రిమ్ములోపల, గాలి కొట్టు వాల్వునకుఁ జేరియుండును. ఒత్తిడిని కొలిచి రేడియో తరంగములతో బండికిఁ దెలుపును. దానిలోని బ్యాటరీ సాధారణముగా 5 మొదలు 10 ఏండ్లు పనిచేయును. పిమ్మట సెన్సారునే మార్చవలసివచ్చును. కొన్ని బండ్లలో ఇట్టి సెన్సారే యుండదు. గాలి తగ్గిన చక్రము ఇంచుక వడిగాఁ దిరుగుటనుబట్టి బండి గ్రహించును. కావున మన బండి యే తెఱఁగుదో బండితో నిచ్చిన పుస్తకమున ముందు చూడవలయును.

దీపమునకును భాష కలదు. చాల బండ్లలో మొదటినుండి నిలుకడగా వెలిగినచో గాలి తక్కువ. నిమిషమునకుఁ బైగా మిణుకుమని పిదప నిలిచినచో దోషము సెన్సారుల యేర్పాటునందే. చలి 10 డిగ్రీలు పెరిగినచో ఒత్తిడి సుమారు 2 పౌండ్లు తగ్గును. కనుక ఉదయమున, బండి నడుపకమునుపే కొలువవలయును. సెన్సారు లేని స్టెప్నీ బిగించినను దీపము వెలుగవచ్చును.

గాలి సరిగా నున్నందున నెమ్మదిగా బయలుదేరితిమి. వేములవాడలో ఒక మెకానిక్కు చిన్న పరికరమును ఒక్కొక్క వాల్వు చెంత నుంచెను. మూఁడు సెన్సారులు బదులిచ్చినవి. వెనుక నెడమవైపుది పలుకలేదు. ఆ యొక్కటియే మార్చి, దాని సంఖ్యను బండికిఁ దెలుపఁగా దీపమాఱెను. సాయంకాలమునకు సిరిసిల్ల చేరితిమి.

2020 అక్టోబరునుండి మన దేశమున, ఈ యేర్పాటును పంక్చరు బాగుచేయు సామగ్రియును గల కార్లను స్టెప్నీ లేకయే అమ్మవచ్చును. అట్టి బండిగలవారు ఈ దీపమును మఱింత యాదరింపవలయును. టైరు విప్పువానికి లోపల సెన్సారున్నదని ముందే చెప్పుఁడు. మొరటుగా విప్పిన విఱుగును. దీపమున్నను, నెలకొకసారి గేజితోఁ జూచుట మానకుఁడు.