అర్ధవాహక లేజరులో అతిహ్రస్వ కాంతి పల్స్‌లు: గాదంకి లైడార్‌తో పోలిక
తిరుపతి సమీపంలోని గాదంకిలో, నేటి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ప్రాంగణంలో, 1998లో జపాన్ సహకారంతో లైడార్ ఏర్పాటైంది. అందులోని ఎన్‌డీ-యాగ్ స్ఫటికం శక్తిని సుమారు 230 మైక్రోసెకన్లు నిలువ ఉంచి, కొన్ని నానోసెకన్ల పల్స్‌గా విడుదల చేస్తుంది. ధూళికణాలను తాకి తిరిగివచ్చే కాంతికి పట్టిన కాలమే వాటి ఎత్తును తెలుపుతుంది.

అర్ధవాహక లేజరులో ఉత్తేజిత ఎలక్ట్రాన్లు సుమారు ఒక నానోసెకనులోనే శక్తిని కోల్పోతాయి. కనుక అక్కడ అంతటి నిలువ సాధ్యం కాదు. అయితే దాని కుహరంలో అనేక పౌనఃపున్యాల తరంగాలు ఏకకాలంలో ఉండగలవు. వాటి దశలను పరస్పరం బంధిస్తే శృంగాలన్నీ ఒకేచోట కలిసి పికోసెకన్ల పల్స్ ఏర్పడుతుంది. దీనినే మోడ్ లాకింగ్ అంటారు. పౌనఃపున్యాల విస్తృతి పెరిగేకొద్దీ పల్స్‌ను మరింత కుదించవచ్చు.

ఒక పికోసెకనులో కాంతి పయనించే దూరం 0.3 మిల్లీమీటర్లు. ఉన్నతాకాశ పరిశీలనకు స్ఫటికపు పల్స్ శక్తి అవసరం. సమీప దూరాల సూక్ష్మ కొలతకు అర్ధవాహకపు పల్స్ హ్రస్వత్వం ఉపకరిస్తుంది.