రోడ్డు ప్రమాదం: ఆసుపత్రిలో చెప్పే మొదటి మాట



మిరప కోతలు మొదలైతే మా క్యాజువాలిటీలో ఆటో, ట్రాక్టరు ప్రమాదాల కేసులు పెరుగుతాయి. 2023 మే నెలలో పొందుగుల దగ్గర కూలీల ఆటోను లారీ ఢీకొంది. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ల మండలంలో మిరప కూలీల ట్రాక్టరు బోల్తా పడింది. రెండు చోట్లా ప్రాణాలు పోయింది కూలికి వెళ్లిన ఆడవాళ్లకే.

గాయానికి కట్టు కట్టడం మా పని. అయితే ఆ కుటుంబానికి తరువాత నష్టపరిహారం రావడం, రాకపోవడం కూడా చాలావరకు మా రిజిస్టరులో ఏమి రాసి ఉందనే దానిపై ఆధారపడుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

బండి గుద్దిన మనిషిని తీసుకొచ్చి, "మెట్ల మీద జారి పడ్డాడమ్మా" అని చెప్పేవారు ఉన్నారు. పోలీసులంటే భయం. గుద్దినవాడు ఒక్కోసారి పక్క ఊరివాడే, పెద్దమనుషుల్లో తేల్చుకుందాం అంటాడు. మీరు చెప్పినదే కేసు షీటులో ఎక్కుతుంది. మూడు నెలలకు ఎముక అతకక, చేతిలో డబ్బు అయిపోయి, పెద్దమనుషుల మాట గాలికి పోయాక కోర్టుకు వెళతారు. అక్కడ బీమా కంపెనీ వకీలు మొదట చూపించేది ఆ మెట్ల మాటే. రాసినది తరువాత దిద్దడానికి మాకు వీలు లేదు. దయచేసి అడగవద్దు.

కాబట్టి ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ బండి అన్నది ఉన్నది ఉన్నట్లు చెప్పండి. నంబరు చూడకపోతే చూడలేదనే చెప్పండి, ఊహించి చెప్పవద్దు. గుద్ది పారిపోయిన బండి దొరకకపోయినా, 2022 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు వస్తాయి. దీనికి రెవెన్యూ అధికారులకు దరఖాస్తు పెట్టుకోవాలి.

దారిన పోయేవారు గాయపడినవారిని తీసుకొస్తే పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. 2019 చట్ట సవరణ వారికి రక్షణ ఇచ్చింది. పోలీసులు వచ్చేదాకా చికిత్స ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం, గుర్తించిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుండి 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స ఉంది. ఇది బీమా లేని బండికీ వర్తిస్తుంది. చేర్చేటప్పుడే అడగండి.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయడానికి, 2022 నుండి అమలులోకి వచ్చిన సవరణ ఆరు నెలల గడువు పెట్టింది. దానిపై కోర్టుల్లో వాదనలు ఉన్నా, గడువు లోపలే వేయడం క్షేమం. ప్రమాదం హైదరాబాదు దారిలో జరిగినా, మీరు కాపురముండే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయాల సర్టిఫికెట్టు, డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు ఒక సంచిలో పెట్టుకోండి. చీటీ ముక్క కూడా పారేయవద్దు. ఆటో కిరాయి రసీదు పనికొచ్చిన సందర్భాలు మేము చూశాము.

వైకల్యం శాతం ఒక్కటే లెక్క కాదు. కాలు వంగకపోతే గుమాస్తాకు జరిగే నష్టం వేరు, హమాలీకి వేరు. సంపాదన ఎంత తగ్గిందో చూడాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని రోగి చేసే పని ఏమిటో డాక్టరుగారికి స్పష్టంగా చెప్పండి. ఇంటి పని చేసే అమ్మ శ్రమకూ విలువ కడతారు, "ఏమీ చేయదు" అని రాయించకండి.

అందరికీ చేదుగా ఉండే మాట ఒకటి. సరుకుల బండిలో మనుషులు ఎక్కితే, ఆ ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత ఉండదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు యజమాని, అతని తరఫు మనిషి వెంట వెళ్లడం వేరు. మిగిలినవారికి బండి యజమానే దిక్కు, అతని దగ్గర ఏముంటుంది? 2022 మే నెలలో రెంటచింతల దగ్గర శ్రీశైలం నుండి వస్తున్న యాత్రికులు ఇలాంటి మినీ లారీలోనే ఉన్నారు. అది ఆగి ఉన్న లారీని గుద్దింది. ఇటువంటి చోట ఎదుటి బండి తప్పు కూడా ఉంటే దాని బీమాపై అడిగే వీలుంది. అందుచేత రెండు బండ్ల వివరాలూ ఎఫ్.ఐ.ఆర్.లో ఉన్నాయో లేదో చదివించుకుని చూడండి.