నీళ్ల లెక్క చెప్పే సార్లు కావాలె!

మా ఆలేరులో పొద్దున సికింద్రాబాద్ వైపు వెళ్లే రైలెక్కితే బోగీ నిండా బీటెక్ పిల్లలే. చాలామందిది కంప్యూటర్ బ్రాంచే. నేనూ అందులోంచి వచ్చి కోడ్ రాసుకుంటూ బతుకుతున్నవాణ్నే. అందుకే ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కు ముందు మా బాబాయి కొడుకు "అన్నా, సివిల్ తీసుకుంట. నీళ్ల మీద పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అయిత" అంటే, ఇంట్లో అందరూ నా వైపు చూశారు. వద్దంటానని వాళ్ల ఆశ. నేను అనలేదు.

కె.ఎల్.రావు పేరు వినే ఉంటారు. 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. బడిలో దెబ్బ తగిలి ఒక కంటిచూపు పోయింది. అయినా చదువు ఆపలేదు. రంగూన్‌లో ఇంజినీరింగ్ పాఠాలు చెప్పారు, 1939లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. ఆయన రాసిన పాఠ్యపుస్తకం కట్టడాలు, కాంక్రీటు మీద. నీళ్ల వైపు వచ్చింది ఆ తర్వాతే. మన ఉమ్మడి నల్గొండలో 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ రూపకల్పనలో ఈ సారుది పెద్ద పాత్ర. సిమెంటు కరువున్న రోజులు. 124 మీటర్ల ఎత్తు డ్యామ్‌ను రాతితో లేపారు. తర్వాత కేంద్రంలో నీటిపారుదల మంత్రి కూడా అయ్యారు.

మరి ఆ నీళ్లు ఆలేరుకు ఎందుకు రాలేదు? రాజకీయం సంగతి పక్కన పెట్టండి, ముందు ఎత్తు చూడండి. సాగర్ నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు. మా ఊరు అంతకంటే చాలా పైన ఉంది. కాలువ కిందికే పారుతది కదా! అందుకే మిర్యాలగూడలో వరి ఊగుతుంటే, మా దిక్కు రైతు బోరు మీద బోరు వేశాడు. కింద గ్రానైట్. నీళ్లుండేది రాతి బీటల్లో, పైనున్న మెత్తబడిన పొరలో. ఏ బీట ఎటు పోతదో తేల్చడం చిన్న పని కాదు, దాని మీదే ఒక పీహెచ్‌డీ చేయొచ్చు.

చెరువు అలుగూ అంతే. దాని మీద పారే నీటి ఎత్తు రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు కాదు, దాదాపు 2.8 రెట్లవుతది. ఈ లెక్క తప్పితే పెద్దవాన రాత్రి కట్ట తెగుతది. ఊరి చెరువుకైనా సాగర్ స్పిల్‌వేకైనా సూత్రం ఒకటే.

ఇక పైసల సంగతి. గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ ఉంటే 37,000, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె అదనం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న దోస్తులు ఈలోపు కారు కొంటారు, మనసు గుంజుతది. పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు పడుతది, ఆ తర్వాత పర్మనెంట్ పోస్టుకు ఇంకా ఎదురుచూపు. అవన్నీ తమ్ముడికి చెప్పాను. మా ఊరి నుంచి రైలెక్కి కాజీపేటలో దిగితే వరంగల్ ఎన్ఐటీ, ముందు అక్కడి ల్యాబ్ చూసి రమ్మన్నాను.

ఇంకో మాట. ఇప్పుడు ఈ సబ్జెక్టులో సగం పని ఉపగ్రహ చిత్రాలు, పైథాన్, వరద మోడళ్లే. అమెరికా ఆర్మీ ఇంజినీర్ల సంస్థ హెచ్‌ఈసీ-రాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇస్తోంది. డౌన్‌లోడ్ చేసుకుని మీ ఊరి వాగును అందులో పారించి చూడండి.