దుర్బలామ్లముల బలము – పి.హెచ్. కొలత

పలాస జీడిపండులోని పులుపునకు మాలిక్, ఆస్కార్బిక్ ఆమ్లములు కారణము. మన ఇండ్లలో సిర్కా అని పిలుచుకొను ద్రవములో ఎసిటిక్ ఆమ్లము కలదు. ఇవన్నియు దుర్బలామ్లములే. నీటిలో వీని అణువులలో కొద్దిభాగము మాత్రమే అయానులుగా విడివడును. ఆ విడివడు స్వభావమును తెలుపు సంఖ్యయే వియోజన స్థిరాంకము. 1909లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ప్రవేశపెట్టిన పి.హెచ్. మానము సహాయమున దీనిని రెండు విధముల కనుగొనవచ్చును.

మొదటి విధము: 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లపు పి.హెచ్. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 2.88. అనగా హైడ్రోజన్ అయానుల గాఢత 0.00132 మోలార్, ఎసిటేట్ అయానుల గాఢతయు అంతే. ఈ రెంటి లబ్ధమును, విడివడక మిగిలిన ఆమ్లపు గాఢత 0.0987తో భాగించిన 1.76×10⁻⁵ వచ్చును.

రెండవ విధము: 25 మి.లీ. ఆమ్లమునకు అంతే గాఢత గల సోడియం హైడ్రాక్సైడును బ్యూరెట్ నుండి కలుపుచు పి.హెచ్. గుర్తింపవలెను. 25 మి.లీ. వద్ద తటస్థీకరణము పూర్తియగును. అందులో సగము, అనగా 12.5 మి.లీ. వద్ద, ఆమ్లమును లవణమును సమానము. నిష్పత్తి 1, దాని సంవర్గమానము సున్న. కావున అచ్చటి పి.హెచ్., సుమారు 4.75, పి.కె.ఏ. యగును.

మొదటి విధములో అయాను గాఢతను వర్గము చేయుదుము. అందుచే పి.హెచ్.లో 0.05 హెచ్చుతగ్గు స్థిరాంకములో నూటికి 20 నుండి 26 వంతుల వరకు తేడా తెచ్చును. రెండవదానిలో ఆ తేడా 12 వంతులు మించదు. అందుచేతనే మేము రెండవదానిని మేలైనదందుము. ఏ విధమునకైనను మీటరును ముందుగా బఫర్ ద్రావణములతో సరిచూడవలెను.

ఈ లెక్క ప్రయోగశాలకే పరిమితము కాదు. మన రక్తములో కార్బోనిక్ ఆమ్లపు పి.కె.ఏ. 6.1. ఆరోగ్యవంతునిలో బైకార్బొనేటు లీటరుకు 24 మిల్లీమోల్‌లు, కరిగిన కార్బన్ డయాక్సైడు 1.2, నిష్పత్తి 20. దాని సంవర్గమానము 1.3. మొత్తము 7.4. ఈ బైకార్బొనేటును కాపాడునవి మూత్రపిండములు. అవి చెడి బైకార్బొనేటు 12కు దిగినచో, ఊపిరి వేగము హెచ్చి కార్బన్ డయాక్సైడును తగ్గింపకున్న, పి.హెచ్. 7.1కి పడిపోవును. అది ప్రాణాపాయము.

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మొదలగు ఉద్దానం ప్రాంతములలో మూత్రపిండ వ్యాధితో నలుగు కుటుంబములు ఎన్నియో కలవు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభింపబడినవి. అచ్చటి రక్తపరీక్ష కాగితము మీద బైకార్బొనేటు అంకెను చూచినపుడు, మన బ్యూరెట్ వద్ద నేర్చిన సూత్రమే అందు పలుకుచున్నదని విద్యార్థులు గ్రహింతురు గాక.