ముగ్గేసే చేతికి లెక్కలు రావా?

తెల్లారకముందే వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు గిన్నె పట్టుకుంటే ఆ ఇల్లాలికి ఏ పుస్తకమూ అక్కర్లేదు. ‘ఏడు చుక్కలు, సందు చుక్క, ఒకటి వచ్చేవరకు’ అనుకుంటూ చకచకా పెట్టేస్తుంది. చుక్కల చుట్టూ మెలికలు తిప్పుకుంటూ వెళ్లి గీతను మొదలెట్టిన చోటే కలిపేస్తుంది. ఒక్క చుక్క పక్కకు జరిగినా ఆమె కంటికి ఇట్టే తెలిసిపోతుంది.

అదే ఇల్లాలిని సాయంత్రం కూతురు లెక్కల పుస్తకం పట్టుకొచ్చి ఏదైనా అడిగితే, ‘నాకు లెక్కలు రావే, మీ నాన్ననడుగు’ అనేస్తుంది. హోసూరు, కృష్ణగిరి మొదలు కోయంబత్తూరు, మదురై దాకా తెలుగు లోగిళ్లలో ఈ మాట కొత్తేమీ కాదు. పక్కింటి తమిళ తల్లి అనేదీ అదే.

తాంబరంలో కోలం లెక్క

మన మెలికల ముగ్గునే తమిళులు కోలం అంటారు. చెన్నై శివారు తాంబరంలో ఉన్న మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ అధ్యాపకులు గిఫ్ట్ శిరోమణి, ఆయన భార్య రాణి శిరోమణి ఈ ముగ్గులను శ్రద్ధగా పరిశీలించారు. కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో వీటిపై పరిశోధన పత్రం ప్రచురించారు. భాషకు వ్యాకరణం ఉన్నట్టే ముగ్గుకూ కొన్ని నియమాలున్నాయని, వాటిని పాటిస్తూ పోతే చిన్న ముగ్గు పెద్ద ముగ్గుగా పెరుగుతుందని చూపించారు. వాకిట్లో ఆడవాళ్లు వేసే గీత అలా కంప్యూటర్ శాస్త్రానికి పాఠమైంది.

తల వంచి చూస్తే...

లెక్కలంటే ఎక్కాలు గబగబా అప్పజెప్పడమేనని చాలామంది అనుకుంటారు. ఏడు చుక్కల ముగ్గునే తీసుకుందాం. నడిమి వరుసలో 7. పైన 6, 5, 4, 3, 2, 1. కింద కూడా అంతే. అన్నీ కూడితే 49. ఇది కూడిక, అంతే. ఇప్పుడు తల కాస్త పక్కకు వంచి ఏటవాలుగా చూడండి. 7 వరుసలు, వరుసకు 7 చుక్కలు. ఏడేళ్ల నలభై తొమ్మిది! అయిదు చుక్కల ముగ్గులో 25, తొమ్మిది చుక్కల ముగ్గులో 81. ప్రతిసారీ ఇలాగే వస్తుందా? ఎందుకు వస్తుంది? అసలు గణితం ఈ ‘ఎందుకు’ దగ్గరే మొదలవుతుంది. దీనికి తొందర అక్కర్లేదు, మార్కులూ అక్కర్లేదు. చూసి మురిసిపోవడానికి వయసుతో పనిలేదు.

నేల మీద బొమ్మలు

ఇరాన్‌లో పుట్టిన మరియం మీర్జాఖానీకి బడిలో ఒక ఏడాది లెక్కలు సరిగా రాలేదు. ఈ పిల్లలో అంత ప్రతిభ లేదనుకున్నారు టీచరు. దాంతో ఆమెకు ఆసక్తే పోయింది. మరుసటి ఏడాది ఇంకో టీచరు ప్రోత్సహించడంతో మళ్లీ నిలదొక్కుకున్నారు. గణితంలో నోబెల్ అంతటిదని చెప్పుకొనే ఫీల్డ్స్ పతకాన్ని 2014లో అందుకున్నారు. ఆ పతకం పొందిన తొలి మహిళ ఆమే. నేల మీద పెద్ద పెద్ద కాగితాలు పరిచి, బొమ్మలు గీసుకుంటూ ఆలోచించేవారు. అమ్మ పెయింటింగ్ వేస్తోందని ఆమె చిన్నారి కూతురు అనేది. తనది నిదానంగా ఆలోచించే తీరని ఆమే చెప్పుకున్నారు. 2017లో 40 ఏళ్లకే కన్నుమూశారు.

పొరుగు నుంచి వచ్చిన పద్యాలు

మన పెద్దలూ గణితాన్ని కొందరికే అని గిరి గీయలేదు. 9వ శతాబ్దంలో కన్నడ నేలనేలిన రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు ‘గణిత సార సంగ్రహం’ రాశారు. సంగీతం, నాటకం, వంట, వైద్యం, ఇంటి కట్టడం... అన్నింటికీ గణితం కావాలని అందులో చెప్పారు. తర్వాత పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. పద్యం చదువుకున్న తెలుగువాడికి లెక్క కూడా అలా చేరువైంది.

ముగ్గేసినంత మాత్రాన ప్లస్ టూ లెక్కలు వాటంతటవే రావు. నేర్చుకోవాలి, తప్పులు చేయాలి, దిద్దుకోవాలి. కానీ అమ్మ నోట ‘నాకు రావు’ అని వింటూ పెరిగిన పిల్ల, తనకూ రావనే అనుకుంటుంది. పదో తరగతి అయ్యాక ప్లస్ వన్‌లో లెక్కలున్న గ్రూపు వైపే చూడదు. ఇంజినీరింగ్ వంటి చదువులకు దారి అక్కడే మూసుకుపోతుంది. చేతకాక కాదు, చేతకాదని నమ్మడం వల్ల.

రేపు ముగ్గేసేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. చుక్కలెన్నో లెక్కపెట్టమనండి. తర్వాత తల వంచి చూడమనండి. ‘ఎందుకమ్మా ఇలా వచ్చింది?’ అని అడిగితే, నాన్న దగ్గరికి పంపకండి. ‘నాకూ తెలీదు, ఇద్దరం చూద్దాం రా’ అంటే చాలు.