మిషన్ మారితె కోడ్ ఎందుకు ఆగుతది?

మూడేండ్ల కిందటి ముచ్చట. హైదరాబాద్‌ల ఒక చిన్న కంపెనీల కొలువు పరీక్షకు పోయిన. మా బావ దగ్గర అడిగి తెచ్చుకున్న పాత ల్యాప్‌టాప్ మీద నెలరోజులు కూసొని పైథాన్‌ల ప్రోగ్రాం రాసిన. బడి పిల్లల పేర్లు, మార్కులు ఫైల్‌లకెళ్లి చదివి లెక్కగట్టుడు దాని పని. ఇంట్ల మంచిగ నడిచింది. ఆడ పెడితె ఒక్కటే మాట: ఫైల్ లేదు. ‘నువ్వే రాసినవా తమ్మీ?’ అని అడిగిండు పరీక్ష పెట్టినాయన. ఏం చెప్పాల్నో తెల్వక బస్సెక్కిన.

తప్పేందో ఇంటికొచ్చినంక తెలిసింది. నాది విండోస్, ఆడ ఉన్నది లైనక్స్. ఫోల్డర్ పేరుకు, ఫైల్ పేరుకు నడుమ విండోస్‌ల \ గీత పెడ్తరు, లైనక్స్‌ల / గీత. యూనిక్స్‌ల 1970ల కాలం నుంచే / ఉన్నది. 1983ల ఎంఎస్-డాస్ 2.0 ఫోల్డర్లు తెచ్చేటాళ్లకు, డాస్‌ల / గీతను కమాండ్ల ఆప్షన్లకు వాడుతున్నరు. అందుకె ఫోల్డర్లకు \ పెట్టిండ్రు. నేను ‘డేటా\మార్కులు’ అని రాసిన. విండోస్ దాన్ని డేటా ఫోల్డర్‌ల ఉన్న మార్కులు ఫైల్ అనుకుంటది. లైనక్స్ మొత్తం కలిపి ఒక్కటే ఫైల్ పేరు అనుకుంటది. అసొంటి పేరున్న ఫైల్ యాడ దొరుకుతది?

మనం ఆనిగెపుకాయ అంటం, ఇంకో దిక్కు సొరకాయ అంటరు, ఉత్తరాంధ్రల ఆనపకాయ అంటరు. మూడు మాటలు తెలిసిన మనిషి నడుమ ఉంటె బేరం ఆగదు. కోడ్‌ల ఆ మనిషే లైబ్రరీ. 2014ల పైథాన్ 3.4 తోని ‘పాత్‌లిబ్’ వచ్చింది. వేరే డౌన్‌లోడ్ అక్కర్లే. ఫోల్డర్, ఫైల్ పేర్లు దాని చేతికిస్తె, నడుస్తున్న మిషన్‌ను చూసి తగిన గీత అదే పెడ్తది.

పెద్దోళ్లకు కూడ ఈ తిప్పలు తప్పలే. 2009ల నోడ్ జేఎస్ లైనక్స్, మ్యాక్ మీదనే మొదలైంది. విండోస్ మీద నడిపేతందుకు 2011ల ‘లిబ్‌యూవీ’ అనే లైబ్రరీ కట్టిండ్రు.

అయితె లైబ్రరీ అన్నీ సూసుకోదు. ఇంగ్లిష్ పేర్లల్ల పెద్దక్షరం, చిన్నక్షరం తేడాను విండోస్ మామూలుగ పట్టించుకోదు, లైనక్స్ పట్టుకుంటది. ఫైల్ పేర్లన్నీ చిన్నక్షరాలల్లనే పెట్టుండ్రి. ఫైల్‌ల తెలుగు ఉంటె, తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని కచ్చితంగ రాయాలె. లేకుంటె విండోస్ మీద మన పేర్లు పిచ్చిగీతలు కావచ్చు, ప్రోగ్రామే ఆగిపోవచ్చు.

ఇంట్ల ఒక్కటే మిషన్ ఉన్నదా? గూగుల్ కోల్యాబ్ బ్రౌజర్‌ల తెరుచుకుంటది, దాని కింద నడిచేది లైనక్సే. ఒకసారి ఆడ నడిపి సూడుండ్రి. నా ప్రోగ్రాంల చివరికి మార్చింది మూడు లైన్లే. నేను పరీక్ష పోయినంక మార్చిన, మీరు పోకముందే మార్చుకోండ్రి.