నిప్పు దగ్గర నిలబడిన వారికి తొలి ముద్ద

శీతాకాలం వచ్చిందంటే హైదరాబాద్ నగరంలో ఆరుబయట కబాబుల మేళాలకు కొదవ ఉండదు. ఒక మైదానంలో వరుసగా దుకాణాలు వేసి, బొగ్గుల పొయ్యిలు వెలిగించి, జనాన్ని ఆహ్వానిస్తారు. మదరసాలో పాఠాలు చెప్పుకునే వారికి అలాంటి చోట పనేమిటని పాఠకులు అనుకోవచ్చు. మేమూ అలాగే అనుకున్నాము. కాని మనవడి పట్టు ముందు మా పట్టు నిలవలేదు. గత శీతాకాలంలో ఒక సెలవురోజున అస్ర్ నమాజు ముగించుకొని కుటుంబ సమేతంగా బయలుదేరాము. అక్కడ మాకు కలిగిన అనుభవాన్ని పాఠకులతో పంచుకోవడం అవసరమనిపించింది.

ద్వారం దాటకముందే పొగ ఎదురువచ్చింది. ఒకచోట సీఖ్ కబాబులు చువ్వలపై తిరుగుతున్నాయి. మరోచోట నిప్పులపై పరచిన నల్లరాతి పలక మీద పలుచగా కొట్టిన మాంసం ముక్కలు చిటపటలాడుతున్నాయి. కోళ్లను రెండుగా చీల్చి, ఇనుప జాలీల మధ్య బిగించి కాలుస్తున్నారు. ఆ దుకాణం బోర్డు చదివిన మనవడు, “దాదా, అల్ ఫహమ్ అంటే ఏమిటి?” అని అడిగాడు. “బొగ్గు, బేటా” అన్నాము. “అయితే మనం బొగ్గు తింటామా?” అంటూ వాడు పకపకా నవ్వాడు. నేడు మన చిన్న పట్టణాల్లో సైతం వినిపించే ఈ వంటకం పేరు నిజంగా అరబీ భాషలో బొగ్గుకున్న పేరే.

ఆ నవ్వు మమ్మల్ని మా పాఠాల వైపు మళ్లించింది. మనం తందూరు అంటున్న పొయ్యి అరబీలో ‘తన్నూర్’. నూహ్ (అలైహిస్సలాం) తుపాను వృత్తాంతంలో, దివ్యఖుర్ఆన్ 11వ సూరా అయిన ‘హూద్’లో ఈ పదం ఉంది. అదే సూరాలో మరికొంత ముందుకు వెళితే ఇబ్రాహీం (అలైహిస్సలాం) గృహానికి అతిథులు వచ్చిన ఘట్టం కనిపిస్తుంది. ఆయన వారి ముందు ఉంచిన దూడ మాంసాన్ని ఖుర్ఆన్ ‘హనీజ్’ అని పేర్కొంది. కాలిన రాళ్లపై వండిన మాంసమని వ్యాఖ్యాతలు దీనికి అర్థం చెప్పారు. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతంలో కాలిన రాళ్లపై మాంసం వండే ‘మజ్బీ’ పద్ధతి నేటికీ ఉంది. నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన హద్రమౌత్ అరబ్బుల వారసులే మన బార్కస్ వాసులు. ఇక హైదరాబాద్ ‘పత్థర్ కా గోష్త్’ సంగతి సరేసరి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేటకు వెళ్లినప్పుడు వంటవారు చువ్వలు మరచిపోయి రాతి పలకపై మాంసం కాల్చారని ఒక కథ చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా, రాతిపై మాంసం కాల్చడం మాత్రం అతి ప్రాచీనమైన విద్య.

ఆ ఘట్టంలో గమనించవలసినది వంటకాన్ని మించి ఆ ఆతిథ్యాన్ని. ఇబ్రాహీం (అలైహిస్సలాం) అతిథులను ఏం తింటారని అడిగి మొహమాట పెట్టలేదు. చప్పుడు లేకుండా ఇంట్లోకి వెళ్లి, త్వరగా తెచ్చి, వారి దగ్గరకే జరిపి, తినరా అని మర్యాదగా అడిగారు. వచ్చినవారు దైవదూతలని అప్పటికి ఆయనకు తెలియదు. అక్కడ మాంసం కాలింది ఇతరుల ఆకలి కోసం. మేళాలో మాత్రం అతిథి లేడు, ఆతిథేయి లేడు, అందరూ కొనుగోలుదారులే. మేమూ వారిలో ఒకరమే.

మాంసం హలాలేనా అని విచారించి, ఒక ముస్లిం సోదరుని దుకాణం దగ్గర ఆగాము. అన్ని రకాల మాంసాలు ఒకే జాలీపై కాల్చే చోట ఈ విచారణ తప్పనిసరి. అయితే అడగడంలో మృదుత్వం ఉండాలి. ముస్లిం అమ్మకందారుని అకారణంగా అనుమానించడం తగదు.

సీఖ్ కబాబులు, రుమాలీ రొట్టెలు చెప్పి అరగంట నిలబడ్డాము. పిల్లవాడికి ఆకలి, మాకు అసహనం. చివరకు పొయ్యి దగ్గరి యువకునిపై గొంతు పెంచి, “ఇంకెంతసేపు? మా తర్వాత వచ్చినవారికి ఇచ్చావు కదా!” అన్నాము. అతను చెమట తుడుచుకుంటూ, “తప్పయింది హజ్రత్, ఈ వాయి మీదే” అని తలవంచుకున్నాడు. మాటను బట్టి కర్నూలు వైపు వాడని తెలిసింది. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. మా మదరసా విద్యార్థుల వయసే.

ఇంతలో మగ్రిబ్ వేళయింది. దుకాణాల వెనుక గడ్డి మీద దుప్పటి పరచుకున్నాము. “నమాజుకు రావా బాబూ?” అని అతణ్ణి పిలిచాము. “నిప్పు విడిచి వస్తే కబాబులు మాడిపోతాయి హజ్రత్. రోజూ మగ్రిబ్ తప్పుతోంది. రాత్రి గదికి వెళ్లాక ఖజా చదువుతున్నాను” అన్నాడు. ఆ గొంతులోని బాధ మమ్మల్ని తాకింది. మా అబ్బాయి యజమానిని అడిగి, “నువ్వు వెళ్లి చదువుకో తమ్ముడూ, నేను చూస్తాను, తర్వాత చదువుకుంటాను” అంటూ విసనకర్ర అందుకున్నాడు.

మేము సలాం తిప్పి వచ్చేసరికి మా అబ్బాయి కళ్లు ఎర్రబడి నీరు కారుతున్నాయి. చేతి మీద నిప్పురవ్వ పడిన మచ్చ. పది నిమిషాలకే ఈ స్థితి! ఆ యువకుడు మధ్యాహ్నం నుంచి అక్కడే నిలబడి ఉన్నాడు. ఏమైనా తిన్నావా అని అడిగితే, దుకాణం మూసిన తర్వాతనే అన్నాడు.

అప్పుడు మాకు సహీహ్ ముస్లింలోని ఒక హదీసు గుర్తుకు వచ్చింది. మీ సేవకుడు మీకోసం వంట చేసి తెచ్చినప్పుడు అతణ్ణి మీతో కూర్చోబెట్టుకొని తినిపించండి; ఆహారం కొద్దిగా ఉంటే ఒకటి రెండు ముద్దలైనా అతని చేతిలో పెట్టండి అని మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించారు. కారణం కూడా తెలిపారు: దాని వేడినీ, పొగనూ భరించినది అతనే కదా! ఎన్నో ఏళ్లు బోధించిన హదీసు ఇది. ‘పొగ’ అనే మాట దగ్గర మేము ఎన్నడూ ఆగలేదు.

మా పళ్లెంలోని మొదటి రెండు కబాబులు రొట్టెలో చుట్టి అతని చేతిలో పెట్టాము. గొంతు పెంచినందుకు క్షమించమన్నాము. అతను సిగ్గుపడుతూ, ఒక చేత్తో చువ్వలు తిప్పుతూనే మరో చేత్తో తిన్నాడు.

తిరుగు ప్రయాణంలో మా ఇంటివారు మెల్లగా ఒక మాట అన్నారు: “పోయిన బక్రీదుకు మన మేడ మీద కబాబులు కాల్చింది ఎవరో గుర్తుందా?” గుర్తుంది. జుహ్ర్ నుంచి అస్ర్ దాకా పొగలో కూర్చున్నది మా కోడలు. వేడివేడివి మేమూ, మా అతిథులూ తిన్నాము. ఆమె వంతుకు చల్లారిన అడుగు ముక్కలు మిగిలాయి. ఆమె ఫిర్యాదు చేయలేదు. మేము అడగనూ లేదు.

జీతానికి పనిచేసే సేవకునికే ఇంతటి హక్కు ఉంటే, ప్రేమతో వండిపెట్టే భార్య, కోడలు, కూతుళ్ల హక్కు ఎంతటిది? దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో తోడ్పడేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) తెలిపిన విషయం బుఖారీలో ఉంది. ఆ సున్నత్ మన ఇళ్లలో వంటగది గడప దాటి లోపలికి ఎందుకు రావడం లేదు?

రానున్న బక్రీదుకు మా ఇంట మూడు నియమాలు పెట్టుకున్నాము. బొగ్గులు రాజేయడం, విసరడం మగవారి పని. మొదటి వాయి నిప్పు దగ్గర ఉన్నవారిది. నమాజు వేళకు ఒకరి స్థానంలో మరొకరు నిలబడాలి. ఇవి ఖర్చుతో కూడినవి కావు. మేళాలకు, హోటళ్లకు వెళ్లినప్పుడు సైతం ఆలస్యమైందని గద్దించే ముందు పొయ్యి వైపు ఒకసారి చూద్దాం. యజమానులైన సోదరులు తమ పనివారికి తిండికీ, నమాజుకూ వంతులవారీగా విరామం కల్పిస్తే ఆ సంపాదనలో శుభం కలుగుతుంది, ఇన్షా అల్లాహ్.

మన కోసం వేడినీ పొగనూ భరించేవారి హక్కును గుర్తించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.